మనిషికో మార్కు

మంగళవారం ఉదయం ఏడు గంటలకు తూకం మాస్టారు తెల్లకాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు ‘లాభం’ అనీ కుడివైపు ‘నష్టం’ అనీ రాశారు. ఇది ఆయనకు రోజూ ఉండే పనే. స్నానం ముందా, టీ ముందా అన్నదానికి కూడా ఆయన దగ్గర ఒక కాగితం ఉంది. ఏ పనికైనా మంచికీ చెడ్డకీ మార్కులు వేసి, కూడి, తూచి గానీ అడుగు వెయ్యరని బడిలో పిల్లలు పెట్టిన పేరది. రిటైరయ్యాక పిల్లలు పోయారు, పేరు మాత్రం మిగిలింది.

ఈ అలవాటు వల్ల ఆయనకు ఒకే ఒక్క నష్టం జరిగింది. ఇరవై తొమ్మిదో ఏట రెండు సంబంధాలు ఒకేసారి వచ్చాయి. ఇద్దరమ్మాయిలూ బాగున్నారు. మాస్టారు పద్ధతిగా పదిహేడు అంశాల్లో మార్కులు వేస్తే ఇద్దరికీ సరిగ్గా నూట పన్నెండేసి వచ్చాయి. తేడా తేల్చడానికి పద్దెనిమిదో అంశం ఏం పెట్టాలా అని ఆయన ఆలోచిస్తూ ఉండగానే ఇద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. ఇప్పుడు వాళ్ళకు మనవలు కూడా ఉన్నారు. మాస్టారికి రెండు గదుల ఇల్లు, ఒక కంప్యూటరు ఉన్నాయి.

ఆ కంప్యూటరు ముందు రెండేళ్ళు కూర్చుని ఆయన ఒక వీడియో గేమ్ తయారుచేశారు. దాని పేరు ‘దాహం’. ఊరికంతటికీ ఒకటే ట్యాంకు. అందులో నీళ్ళు తగ్గిపోతుంటాయి. ఏ వీధి వాల్వు మూయాలో, ఏది తెరిచి ఉంచాలో ఆడేవాళ్ళు తేల్చాలి. నీళ్ళందిన ప్రతి మనిషికీ ఒక మార్కు, ఆసుపత్రిలో రోగికైతే మూడు. పాపమని అందరికీ ఇవ్వబోతే ట్యాంకు అడుగంటి ఊరంతా ఎండుతుంది. నీళ్ళు వస్తున్న ఇళ్ళ కిటికీల్లోంచి బొమ్మ మనుషులు చేతులు ఊపుతారు, ఆగిపోతే కిటికీ వేసుకుని లోపలికి వెళ్ళిపోతారు. కిటికీ వేసుకోవడం ఎలా ఉంటుందో గీయడానికి మాస్టారు ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు.

ఆ గేమ్‌ని పట్టుకుని ఆయన ఊరి నీటి సరఫరా ఆఫీసుకు వెళ్ళారు. అంతకుముందు వేసవిలో ఆ ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ సరేనని, చివరికి ఎవరికీ చుక్క నీరు ఇవ్వలేకపోయి నానా మాటలూ పడి ఉన్నారు. ఇంజినీరు మేడం గేమ్ చూసి, “మా వాళ్ళకి కాదనడం నేర్పగలరా మాస్టారూ?” అని అడిగింది. ముగ్గురు ఉద్యోగులను అప్పగించింది. వారానికి రెండు రోజులు, ఉదయం ఎనిమిది నుంచి పది వరకు ఆఫీసులోనే తరగతి. ముగ్గురూ పరీక్ష పాసైతే తరగతి ముగిసినట్టే, ఒక్కరు తప్పినా ముగ్గురికీ మళ్ళీ మొదటి నుంచి అని మొదటి రోజే తేల్చి చెప్పింది.

ఆ పరీక్ష ఈరోజే.

మాస్టారి బాధ అదే. వారానికి నూట అరవై ఎనిమిది గంటలు. అందులో ఆయన సాటి మనిషితో మాట్లాడేది నాలుగు గంటలు, ఆ నాలుగూ ఈ తరగతివే. మంగళ, శుక్రవారాల కోసం ఆయన గడ్డం గీసుకుంటున్నారు. రెండు చొక్కాలు కొత్తవి కుట్టించారు. తరగతి అయ్యాక వరండాలో నలుగురూ నిలబడి టీ తాగేటప్పుడు, “సార్‌కి చక్కెర తక్కువ” అని ఎవరో ఒకరు కేకేసి చెబుతారు. తన చక్కెర సంగతి గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురున్నారు. రేపటి నుంచి ఆ ముగ్గురూ ఉండరు.

ఎవరికీ కొరుకుడు పడని పరీక్ష పెట్టి ముగ్గురినీ తప్పిస్తే? ఆయన దానికీ కాగితం మీద చోటిచ్చారు. లాభం ఒక మనిషికి. నష్టం ముగ్గురికి. ఒకటి కన్నా మూడు పెద్దది. మాస్టారు నిట్టూర్చి, ఆ వరస కొట్టేసి, న్యాయమైన పరీక్షే పెట్టాలని నిర్ణయించి, కొత్త చొక్కా తొడుక్కున్నారు.

ఆ ముగ్గురూ మొదట్లో ఎంత మొద్దులో చెప్పడానికి మాటలు చాలవు. అందరూ బాబాయి అని పిలిచే స్టోర్ కీపరు మూడు సంతకాలు లేనిదే ఒక్క బోల్టు కూడా చేతికివ్వని మనిషి. గేమ్‌లోనూ అంతే. ఒక్క వాల్వు కూడా తెరిచేవాడు కాదు. ట్యాంకు నిండుగా ఉండేది, ఊరు మాత్రం ఆరిపోయేది. పంపు ఆపరేటరు అందుకు పూర్తిగా ఎదురు. అన్నీ బార్లా తెరిచేసి, పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ చేసి, “అయిపోయింది సార్, ఇంకో ఊరు ఇవ్వండి,” అనేవాడు. ఇక ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చునే ఫోనమ్మాయి, వాల్వు మూసే ముందు తెర మీద బొమ్మలకు క్షమాపణ చెప్పుకునేది. “ఏమీ అనుకోకండీ, మీది నమోదు చేసుకున్నామండీ,” అంటూ ఆమె ఒక వీధి మూసేలోపు తక్కిన ఊరు ఎండిపోయేది.

అలాంటివాళ్ళు ఈ ఉదయం ఆఖరి మెట్టు ఆడుతుంటే మాస్టారికి కడుపు నిండినట్టూ, ఖాళీ అయినట్టూ ఒకేసారి అనిపించింది. ట్యాంకులో నీళ్ళు సగానికి తక్కువ. ఆసుపత్రి, బడి, పెద్ద అపార్టుమెంట్లు నిలవాలంటే ఏడు వీధులు మూయక తప్పదు. బాబాయి లెక్కలు చెబుతున్నాడు, పంపు ఆపరేటరు బటన్లు నొక్కుతున్నాడు. ఆరు వీధులు చకచకా మూశారు. ఏడోది ముప్పై ఒకటో నంబరు వాల్వు. ఊరి చివర ఆరిళ్ళు, పందొమ్మిది మంది. అక్కడ ఫోనమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

“సార్, ఈ చివరింట్లో ఒక్కరే ఉన్నారు.”

“ఉంటే?”

“అన్ని ఇళ్ళల్లో ముగ్గురో నలుగురో ఉన్నారు కదా. ఈయనొక్కడే కిటికీలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఎవరు సార్ ఈయన?”

మాస్టారు కాసేపు తెర వంక చూశారు. “ఎవరైతే ఏంటమ్మా. ఒక మనిషి, ఒక మార్కు. మూసెయ్.”

ఆమె “ఏమీ అనుకోకండీ” అని గొణిగి మూసేసింది. బొమ్మ మనిషి చెయ్యి దించి కిటికీ వేసుకున్నాడు. వెంటనే తెర మీద మార్కులు వచ్చాయి. బాబాయికి ఎనభై ఎనిమిది, ఆపరేటరుకు తొంభై ఒకటి, ఫోనమ్మాయికి తొంభై నాలుగు. ముగ్గురూ పాస్. ముగ్గురూ చప్పట్లు కొట్టుకున్నారు, మాస్టారు కూడా కొట్టారు.

ఇక్కడే ఒక చిన్న సంగతి చెప్పాలి. ఊహించి గీస్తే పిల్లలాటలా ఉంటుందని మాస్టారు తన గేమ్‌లోకి ఈ ఊరి పటాన్నే దించారు. వీధులు ఇవే, వాల్వు నంబర్లు ఇవే, ఇళ్ళూ మనుషులూ కూడా ఇవే. పైగా ఇది ఆఖరి రోజు కదా, పిల్లల చేతికి గుర్తుగా ఏదైనా ఇద్దామని ముందురోజే ఆయన గేమ్‌కి ఒక కొత్త బటన్ తగిలించారు. అది నొక్కితే ‘నిర్ణయ పత్రం’ అచ్చవుతుంది. ‘ఈ కింది వాల్వులు వెంటనే మూయవలెను’ అని పైన రాసి, కింద ఏడు నంబర్లు. ఆయన మనిషికొకటి చొప్పున మూడు కాపీలకు నొక్కారు. ఏదీ రాలేదు. గదిలో ప్రింటరే లేదని ఫోనమ్మాయి చెప్పింది. “పోనీలే, ఇంకోసారి చూద్దాం,” అన్నారు మాస్టారు. ఇంకోసారి లేదని గుర్తొచ్చి వెంటనే మాట మార్చారు.

ఆ ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ కలిపి ఉన్నది ఒకటే ప్రింటరు. అది వాల్వు మేస్త్రి గదిలో ఉంటుంది.

వాల్వు మేస్త్రి ఇరవై ఏళ్ళ కిందట ఒక కాగితం అందుకుని, “ఇదెందుకండీ?” అని అడిగాడు. దానికి ఆయనకు రెండు మెమోలు వచ్చాయి. ఆ రోజు నుంచి ఆయన కాగితాన్ని ఏమీ అడగలేదు. నంబరు ఉంటే చాలు, వాల్వులు తిప్పే ఇనుప తాళం భుజాన వేసుకుని బయల్దేరతాడు. అలాంటి మనిషికి ఒకే కాగితం వరసగా మూడుసార్లు వచ్చింది. “మూడుసార్లు చెప్పారంటే మామూలు విషయం కాదురా, లేవండి!” అని టీలు వదిలేయించి, మూడు జట్లను మూడు దిక్కులకు తరిమాడు.

వరండాలో టీ ముగిసింది. “మార్కుల కాగితం మేడంకి ఇచ్చేద్దామా సార్?” అని బాబాయి అడిగితే, మాస్టారు తాను చేత్తో రాసుకున్న ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని, “ఇంటికెళ్ళి ఒకసారి సరిచూసి సాయంత్రం నేనే తెచ్చిస్తాను,” అన్నారు. సరిచూడాల్సిందేమీ లేదు. సాయంత్రం ఇంకొక్కసారి రావచ్చు, అంతే.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుందామని కుళాయి తిప్పితే, అది గుర్రుమని ఊరుకుంది. సంగతేమిటో చూద్దామని మాస్టారు వీధి వైపు నడిచారు. బయటికి వచ్చేసరికి ఎదురింటావిడ ఖాళీ బకెట్టుతో గేటు దగ్గర నిలబడి ఉంది. ఎదురెదురు ఇళ్ళలో ఆరేళ్ళుగా ఉంటున్నా ఇద్దరి మధ్యా ఇప్పటిదాకా మాటల్లేవు.

“ఏమండీ, మీకు నీళ్ళొస్తున్నాయా?”

“రావట్లేదండీ!” అన్నారు మాస్టారు. పలకరించారన్న ఆనందంలో ఆయన గొంతు పెద్దదైంది, ముఖం విప్పారింది. నీళ్ళు రావట్లేదని ఒక మనిషి అంత సంబరంగా చెప్పేసరికి ఆవిడకు అనుమానం వచ్చింది.

ఇంతలో పక్కింటి బస్సు కండక్టరు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. “మన వీధొక్కటే కాదండోయ్. పార్కు వెనక వీధి పోయింది. దర్జీ సందు పోయింది. రంపం మిల్లు పక్కన రెండు వీధులు పోయాయి. మా బావమరిది ఫోన్ చేశాడు, వాళ్ళదీ పోయింది.”

మాస్టారు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. పార్కు వెనక పన్నెండో నంబరు వాల్వు, దర్జీ సందు తొమ్మిది, మిల్లు దగ్గర ఇరవై రెండూ ఇరవై మూడూ. అన్నీ తన కాగితంలోని నంబర్లేనని ఆయనకు భయం వేసింది. ఆ వెంటనే, ఒప్పుకోవాల్సిన మాట, కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఎంత పద్ధతిగా మూశారు! ఎక్కడా ఒక్క మార్కు వృథా పోలేదు.

“అవే ఏడు!” అన్నారు పైకే.

“ఏవి ఏడు?” అంది ఎదురింటావిడ బకెట్టు కింద పెట్టి.

మాస్టారికి అబద్ధం రాదు. అబద్ధానికి లాభనష్టాలు తూచేలోపు నిజం నోట్లోంచి వచ్చేస్తుంది. “అంటే, మన వీధిలో పందొమ్మిది మందిమేనండీ. ఆసుపత్రిలో నూట ఎనభై మంది. తూచి చూస్తే మనల్ని మూయడమే సబబు. నేనే మూయమన్నాను.”

“మీరా? మూయమన్నారా?” కండక్టరు గొంతు లేచింది. “మీరు నీళ్ళ ఆఫీసు ఆఫీసరా? ఆరేళ్ళ నుంచి పక్కనే ఉండి ఒక్క మాటైనా చెప్పారా? మా ఆవిడ కుళాయి కోసం ఎన్ని అర్జీలు పెట్టుకుందో తెలుసా?”

“ఆఫీసర్ని కాదండీ, గేమ్ మాస్టార్ని...”

“గేములాడుతున్నారా మాతో?” అంది ఎదురింటావిడ. “పదండి ఆఫీసుకి. ఇక్కడే తేల్చుకుందామంటే మీకు చేతులు కడుక్కోవడానికి కూడా నీళ్ళు లేవు.”

ఆరిళ్ళ వాళ్ళూ బయల్దేరారు. మాస్టారు మధ్యలో, చుట్టూ బకెట్లు, బిందెలు. పార్కు వెనక వీధి మలుపులో ఇంకో ముప్పై మంది కలిశారు. ఈయనే మూయించాడని కండక్టరు అందరికీ పరిచయం చేశాడు. ఒకాయన ముందుకొచ్చి నిలదీశాడు. “మా ఇంట్లో ఎనిమిది మందిమండీ! మమ్మల్నెందుకు కోసేశారు?”

“ఇంటి లెక్క కాదండీ, వీధి లెక్క. మీ వీధి మొత్తం ముప్పై రెండు మార్కులే.”

“మా అమ్మాయికి వచ్చే నెల కాన్పు. ముప్పై మూడు రాసుకోండి.”

“అయితే మా తమ్ముడి పెళ్ళి కుదిరింది, మాకూ ఒకటి కలపండి,” అంది దర్జీ సందు నుంచి వచ్చిన ఒకావిడ.

“నెలకి పదిహేను రోజులు మా అత్తగారు మా దగ్గరే ఉంటారు,” అన్నాడు ఇంకొకాయన. “ఆవిడకి అర మార్కు వస్తుందా, పూర్తిగా ఇస్తారా?”

అర మార్కు అన్న మాట చెవిన పడగానే ఆ అత్తగారు వెనక నుంచి ముందుకు తోసుకొచ్చింది. మాస్టారు తన పద్ధతి మొదటి నుంచి వివరించారు. ఎవరూ నచ్చిందనలేదు, కానీ అందరూ విన్నారు. నడుస్తున్నకొద్దీ జనం పెరిగారు, ప్రశ్నలు పెరిగాయి. ఎవరో ఆయన చేతిలోకి ఒక గొడుగు జొనిపారు, మాట్లాడేవాళ్ళు ఎండకు పడిపోతే జవాబులు ఎవరు చెబుతారని. నూట ఇరవై మందితో కలిసి తిట్లు తింటూ నడుస్తుంటే మాస్టారికి, చెప్పుకోవడానికి సిగ్గే గానీ, బాగుంది. ఎప్పుడూ పదిహేను నిమిషాల్లో అయిపోయే ఆ దారి ఇవాళ అరగంట పట్టినందుకు ఆయనకు చింత లేదు.

ఆఫీసులో ఇంజినీరు మేడం రెండు చెవులకూ రెండు ఫోన్లు ఆనించుకుని నిలబడి ఉంది. ఎదురుగా వాల్వు మేస్త్రి మూడు కాగితాలు పట్టుకుని ఉన్నాడు.

“ఎవరు మూయమన్నారయ్యా?”

“కాగితం చెప్పిందమ్మా.”

“ఎందుకని అడగవా?”

“అడిగితే మెమో ఇస్తారమ్మా.”

మేడం ఫోన్లు రెండూ బల్ల మీద పడేసి తల పట్టుకుంది. అప్పుడే బకెట్ల జనంతో మాస్టారు లోపలికి వచ్చారు. వస్తూనే, “తప్పు నాది మేడం. బటన్ నేనే నొక్కాను,” అన్నారు.

“తెలుసు మాస్టారూ. మీ పిల్లలు కాగితం చూడగానే గుర్తుపట్టారు. కానీ ఒకటి చెప్పనా?” మేడం గొంతు తగ్గించింది. “ఈ నెలలో మొదటిసారి ఆసుపత్రి నుంచి ఫోన్ రాలేదు. సరే, అదలా ఉంచండి. మూయడమైతే గంటలో మూసేశారు. తెరవడం అలా కాదు, అన్నీ ఒక్కసారి తెరిస్తే పైపులు పగులుతాయి. ఒకటయ్యాకే ఇంకోటి, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. అందరినీ ఈరోజు గట్టెక్కించాలి. వరస ఎలాగో మీరే చెప్పండి.”

మాస్టారు తేరుకున్నారు. ఇది ఆయనకు వచ్చిన పని. గోడ మీద బోర్డు తుడిచి గీతలు గీశారు. ఎక్కువ మంది ఉన్న వీధి ముందు. మిల్లు పక్క వీధి, యాభై ఎనిమిది మంది, ఒకటో వరస. దర్జీ సందు రెండు. పార్కు వెనక ఐదు. ముప్పై ఒకటో నంబరు, పందొమ్మిది మంది, ఆఖరున ఏడో వరస.

“మన వీధి ఏడోదా?” అని ఎదురింటావిడ మండిపడింది. “మీరు అసలు మా మనిషేనా?”

“లెక్కంటే లెక్కేనండీ. మన వీధి కనుక ముందు పెడితే రేపు మీ ముఖం చూడలేను,” అన్నారు మాస్టారు, ఇన్నాళ్ళూ ఆవిడ ముఖం రోజూ చూస్తున్నట్టు.

గుమ్మం దగ్గర ఫోనమ్మాయి, బాబాయి, పంపు ఆపరేటరు వరసగా నిలబడి ఉన్నారు. ముగ్గురూ బిక్కమొహాలు వేసుకుని ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. చివరికి ఫోనమ్మాయి నోరు విప్పింది.

“సార్, ముప్పై ఒకటి తెరిచేశాం.”

“ఎప్పుడు?”

“అన్నిటికన్నా ముందు. ఇప్పటికి నీళ్ళొస్తూ ఉంటాయి.”

ముప్పై ఒకటో నంబరు వాళ్ళు హమ్మయ్య అన్నారు. తక్కిన ఆరు వీధుల వాళ్ళూ ఒక్కసారిగా అరిచారు. “యాభై ఎనిమిది మందిమి మేము ఇక్కడ నిలబడి ఉంటే...” అని మిల్లు వీధి ఆయన బోర్డు మీదకు చెయ్యి చాచాడు. ఆయన తప్పేమీ లేదు, బోర్డు ఆయన పక్షానే ఉంది. మేడం చెయ్యెత్తి అందరినీ ఆపింది.

“ఎవరు చెప్పారు ముందు అది తెరవమని?”

ముగ్గురూ చేతులెత్తారు. ఫోనమ్మాయి చీటీ మీద నంబరు రాసిచ్చిందట. పంపు ఆపరేటరు మేస్త్రిని తన బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడట. తాళాలన్నీ జట్ల దగ్గరే ఉండిపోతే బాబాయి సంతకం లేకుండా స్టోరులోంచి పెద్ద తాళం తీసిచ్చాడట. మూడు కాదు, ఒక్క సంతకం కూడా లేకుండా. అది విని మేడం కుర్చీలో కూర్చుండిపోయింది.

మాస్టారు మాత్రం నిలబడే ఉన్నారు. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. “ఆరు వారాలు ఏం నేర్పాను మీకు? పందొమ్మిది ఎక్కడ, యాభై ఎనిమిది ఎక్కడ? ఎందుకు చేశారీ పని?”

“మీ వీధని బాబాయి చెప్పాడు సార్, కాగితం చూసి,” అంది ఫోనమ్మాయి. “అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున కిటికీలో ఉన్నది మీరే కదా. మిమ్మల్నే నాతో మూయించారు కదా.”

“అయితే? ఒక మనిషి, ఒక...”

“అది కాదు సార్. యాభై ఎనిమిది మంది ఉన్నచోట ఒకరు కాకపోతే ఒకరు వెళ్ళి నీళ్ళు తెస్తారు. ఇంకొకరు ముంచిస్తారు. మీకు ఎవరు తెస్తారు? మీరెవరినీ అడగరు కూడా. గ్లాసెడు నీళ్ళు లేకుండా అలాగే కూర్చుంటారు, లాభమూ నష్టమూ రాసుకుంటూ.” ఆమె మాస్టారి వైపు ఒక అడుగు వేసింది. “నాకు అది తప్ప ఇంకేమీ తోచలేదు సార్.”

మాస్టారికి ఏడుపొచ్చింది. ఎంత వద్దనుకున్నా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆయన ప్రతి లెక్కలోనూ తనను ఒకటిగానే వేసుకుని, ఆ ఒకటిని ముందుగా కొట్టేస్తూ వచ్చారు. ఇన్నాళ్ళకు ఎవరో ముగ్గురు కూర్చుని, ఆ ఒకటిని అందరికన్నా పైన రాశారు. అది లెక్క ప్రకారం పూర్తిగా తప్పు. ఆయన బోర్డు వైపు తిరిగి, చెరపనక్కర్లేని అంకెలను కాసేపు చెరిపి మళ్ళీ రాశారు.

మిల్లు వీధి ఆయన కూడా చాచిన చెయ్యి దించి, “సరేలెండి, ఇరవై నిమిషాలే కదా, ఇప్పుడైనా మాది మొదలుపెట్టండి,” అన్నాడు. మేస్త్రి తాళం భుజానికెత్తుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, “కాగితం?” అన్నాడు. మేడం ఒక చీటీ మీద నంబర్లు వరసగా రాసి, ఒకే కాపీ చేతిలో పెట్టింది.

జనం పలచబడ్డాక మేడం అడిగింది. “అదంతా అయింది గానీ మాస్టారూ, పరీక్ష సంగతేమిటి? పాసయ్యారా?”

మాస్టారు జేబులోంచి కాగితం తీశారు. ఎనభై ఎనిమిది, తొంభై ఒకటి, తొంభై నాలుగు. “మేడం, ఒక్క సందేహం. పరీక్ష అంటే వీళ్ళు గేములో చేసిందా, పనిలో చేసిందా?”

“పనిలో చేసిందే. గేము పని కోసమే కదా నేర్పించింది.”

“అలాగైతే,” మాస్టారు గొంతు సవరించుకున్నారు, “నిజంగా నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడు వీళ్ళు పందొమ్మిది మందిని యాభై ఎనిమిది మంది కన్నా ముందు పెట్టారు. అదీ ఒకే ఒక్క మనిషి ముఖం చూసి. నేను చెప్పిన ప్రతి పాఠానికీ ఇది విరుద్ధం. న్యాయంగా చెప్పాలంటే ముగ్గురూ తప్పారు.”

“ముగ్గురూనా?”

“ఘోరంగా.”

మేడం ముగ్గురి వంక చూసింది. “అంటే మళ్ళీ మొదటి నుంచి. వారానికి రెండు పొద్దులు. మీకేమైనా ఇబ్బందా?”

“లేదు మేడం!” అన్నారు ముగ్గురూ, తప్పినవాళ్ళు అనాల్సినంత దిగులు లేకుండా. బాబాయి వరండాలోకి తల పెట్టి టీలు చెప్పాడు. సార్‌ది చక్కెర తక్కువ అని ఆపరేటరు వెనక నుంచి అరిచాడు. ఎదురింటావిడ ఇంకా పోలేదు. గుమ్మం దగ్గర బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని, “తొందరగా కానివ్వండి మాస్టారూ, వీధిలోకి కలిసే వెళ్దాం. మా ఇంట్లో నలుగురం, మరి మాకెన్ని మార్కులో దారిలో చెబుదురు గాని,” అంది.

మాస్టారు మేడం బల్ల మీదే కాగితం పరిచి, పాత మార్కులు కొట్టేసి, ముగ్గురి పేర్ల ఎదురుగా మూడు సున్నాలు వేశారు. పొరపాటున ఎవరైనా పాసైపోతారేమోనని వాటిని రెండుసార్లు కూడి చూసుకున్నారు.